మగకుక్కకి తోడుగా ఆడపిల్లని తెచ్చేముందు: పిల్లలు పెట్టించాలా, ఆపరేషన్ చేయించాలా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఎదురింటి అబ్బాయి వాళ్ళ రాకీని నడిపించుకుంటూ వచ్చి మా గేటు దగ్గర ఆగాడు. రాకీ పసుపు రంగు లాబ్రడార్, రెండేళ్ళు నిండాయి. "అక్కా, వీడికి జోడీగా ఒక ఆడపిల్లని తెద్దామనుకుంటున్నాం. ఒక్క ఈత పిల్లల్ని పెట్టిస్తాం. వీడి పోలికలున్నదాన్ని ఒకదాన్ని ఉంచుకుని మిగతావి ఫ్రెండ్స్‌కి ఇచ్చేస్తాం. ఇప్పటికే పదిమంది అడుగుతున్నారు" అన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లో అక్షరాలా ఇవే మాటలు అనుకున్నాం. అప్పటికి మా సింబాకి మూడేళ్ళు. వాడికి తోడని స్వీటీని తెచ్చాం. ఆ తర్వాత జరిగినవన్నీ ముందే తెలిసుంటే స్వీటీని తేవడం మానేవాళ్ళం కాదు గానీ, తెచ్చిన పద్ధతీ పెంచిన పద్ధతీ పూర్తిగా వేరుగా ఉండేవి. ఆ అబ్బాయికి గేటు దగ్గర నిలబడి కొంతే చెప్పగలిగాను. మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలు పెట్టించాలా వద్దా అన్నది ఆడపిల్లని తెచ్చి, అది పెద్దదయ్యాక ఆలోచించే విషయం కాదు. ఏ పిల్లని తేవాలి, ఎవరి దగ్గర తేవాలి, దానికి ఏ వయసులో ఆపరేషన్ చేయించాలి, ఇంట్లో ఏ గది ఖాళీగా ఉంచుకోవాలి, ఇవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. కాబట్టి పిల్ల ఇంట్లో అడుగుపెట్టకముందే తేల్చుకోవాలి.

ఇంట్లో మగకుక్క ఉన్నవాళ్ళకి ఉన్న దారులు ఇవీ: ఒకటి, ఆడపిల్లని తెచ్చి సరైన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం; రెండు, తెచ్చి, పరీక్షలన్నీ చేయించి, ఒక పద్ధతి ప్రకారం పిల్లలు పెట్టించడం; మూడు, తెచ్చి "చూద్దాంలే" అని వదిలేయడం; నాలుగు, బ్రీడ్ కుక్కని కాకుండా ఒక దేశీ పిల్లని దత్తత తీసుకోవడం. ఎక్కువమంది మూడో దారిలో వెళ్తారు. మేమూ అందులోనే వెళ్ళాం. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

చూద్దాంలే అనుకుంటే

స్వీటీ తొమ్మిది నెలలకే ఎదకు వచ్చింది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో మొదటి హీట్ ఏడాది అటూ ఇటూగా రావడం మామూలే, చిన్న జాతుల్లో ఆరేడు నెలలకే రావచ్చు. మాకు అదీ తెలియదు. నేల మీద ఎర్రటి చుక్కలు చూసి కాలికి దెబ్బ తగిలిందేమో అని పంజాలు వెతికాం. తెలిశాక సింబాని వెనక గదిలో పెట్టి గడియ వేశాం. వాడు నాలుగు రోజులు సరిగ్గా ముద్ద ముట్టలేదు. రాత్రంతా సన్నగా ఏడ్చేవాడు. తలుపు కింది భాగం గోళ్ళతో గీకి గీకి, నీలం పెయింటు మొత్తం పోయి లోపలి చెక్క తెల్లగా బయటపడింది. ఆ తలుపు మేం ఇంకా మార్చలేదు.

పదో రోజుకి రక్తం తగ్గి లేత రంగులోకి వచ్చింది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాం. ఇక్కడే చాలామంది మోసపోతారు. హీట్ మొత్తం దాదాపు మూడు వారాలు. మొదటి వారం పది రోజులు రక్తం కనిపిస్తుంది కానీ అప్పుడు ఆడకుక్క మగదాన్ని దగ్గరికి రానివ్వదు. రక్తం పలచబడ్డాకే అసలు రోజులు మొదలవుతాయి. అప్పుడే తోక పక్కకి పెట్టి నిలబడుతుంది. పన్నెండో రోజు నేను పాల ప్యాకెట్ తీసుకోవడానికి గేటు దాకా వెళ్ళాను. వెనక గది గడియ సరిగ్గా పడలేదు. తిరిగొచ్చేసరికి రెండూ ముడిపడి ఉన్నాయి. మా అత్తయ్య కంగారుగా బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. అలాంటప్పుడు నీళ్ళు కొట్టకూడదు, లాగకూడదు, రెండిటికీ గాయాలవుతాయి. పావుగంట, ఇరవై నిమిషాలకి వాటంతట అవే విడిపోతాయి. అప్పటికి స్వీటీకి ఇంకా పది నెలలు నిండలేదు.

మర్నాడు ఒకాయన ఇంజెక్షన్ వేస్తే గర్భం నిలవదన్నాడు. వద్దని ఇంకో డాక్టర్ ఆపారు, ఆయనకి ఇప్పటికీ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. అందుకు వాడే ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లు ఎముక మజ్జని దెబ్బతీసి ప్రాణం మీదికి తేవచ్చు. హీట్ రాకుండా, వాయిదా పడేలా వేసే హార్మోన్ ఇంజెక్షన్లతోనూ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. "ఆపరేషన్ ఎందుకు, ఇంజెక్షన్ ఉంది కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఈ దారిలో ఇంకో పెద్ద ప్రమాదం పయోమెట్రా. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో హీట్ అయిన నెల, రెండు నెలల్లో గర్భసంచిలో చీము చేరుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. విపరీతంగా నీళ్ళు తాగడం, తిండి మానేయడం, డల్‌గా పడుకోవడం, కొన్నిసార్లు వెనక నుంచి చీము కారడం దీని లక్షణాలు. చీము బయటికి రాకుండా లోపలే ఉండిపోతే ఇంకా ప్రమాదం. అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. అప్పుడు చేసే ఆపరేషన్ ఖర్చులోనూ రిస్క్‌లోనూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆపరేషన్‌కి ఎన్నో రెట్లు ఎక్కువ.

పద్ధతి ప్రకారం పిల్లలు పెట్టించాలంటే

చేయకూడదని నేను అనను. మంచి కుక్కలు మంచి చేతుల్లోంచే రావాలి. కానీ ఆ పని ఏమేమి అడుగుతుందో ముందు లెక్కేసుకోవాలి.

మొదటిది వయసు. మొదటి హీట్‌లో కలపకూడదు. దాని ఒళ్ళే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం కింద కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కతో పిల్లలు పెట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పిల్లల్ని అమ్మే ఉద్దేశం ఉంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఇంట్లోనే కదా అనుకుంటారు గానీ అమ్మకం అమ్మకమే.

నా మటుకు నేను రెండేళ్ళు నిండేదాకా ఆగమంటాను. ఎందుకంటే లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి తుంటి కీలు సరిగ్గా కూర్చోకపోవడం, అంటే హిప్ డిస్‌ప్లేసియా, వంశపారంపర్యంగా వస్తుంది. దాన్ని తేల్చే ఎక్స్‌రే రెండేళ్ళ వయసులో తీస్తేనే నమ్మకంగా చెప్పగలుగుతారు. కుక్క పైకి చక్కగా పరిగెత్తుతున్నా లోపల కీలు బాగా లేకపోవచ్చు. రాకీ ఒక్కోసారి బాగా ఆడాక లేచేటప్పుడు వెనక కాళ్ళు కూడదీసుకుంటాడని ఆ అబ్బాయే చెప్పాడు. ఏమీ లేకపోవచ్చు. కానీ ఎక్స్‌రే తీయకుండా వాడితో పిల్లలు పెట్టించడం సరికాదు. తల్లీ తండ్రీ ఇద్దరికీ తీయించాలి. ఇద్దరివీ బాగున్నా పిల్లలందరివీ బాగుంటాయన్న గ్యారంటీ లేదు, ప్రమాదం తగ్గుతుందంతే. లాబ్రడార్‌లలో నెమ్మదిగా చూపు పోయే జబ్బు, ఎక్కువగా పరిగెత్తితే వెనక కాళ్ళు పట్టు తప్పి పడిపోయే జబ్బు కూడా వంశంలో నడుస్తాయి. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి డీఎన్‌ఏ పరీక్షకు పంపితే ఇవి తెలుస్తాయి.

ఇందులో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఎక్స్‌రేల కోసం రెండేళ్ళు ఆగాలంటే ఈలోపు రెండో మూడో హీట్‌లు వచ్చి పోతాయి. అంటే పిల్లలు పెట్టించాలనుకునేవాళ్ళు కూడా ముందు రెండేళ్ళపాటు పిల్లలు పుట్టకుండా కాపాడాలి. ఒకే ఇంట్లో మగకుక్క ఉండగా, ప్రతిసారీ మూడు వారాలు, రెండు తలుపుల దూరంలో. డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఇది ఎలా కుదురుతుందో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. హీట్ రోజుల్లో మగదాన్ని ఇంకో ఊళ్ళో బంధువుల ఇంటికి పంపగలిగే వీలుంటే చాలా మేలు.

రెండోది చుట్టరికం. రాకీని కొన్న చోటే ఆడపిల్లని కొందామనుకుంటున్నామని ఆ అబ్బాయి అన్నాడు. నేను గట్టిగా వద్దన్నది ఈ ఒక్క విషయంలోనే. ఒకే చోట తెచ్చినవి తోబుట్టువులో, ఒకే తండ్రి బిడ్డలో, మేనరికమో అయ్యే అవకాశం ఎక్కువ. దాగి ఉన్న లోపాలు అలాంటి జతల్లోనే బయటపడతాయి. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితాల్లో మూడు తరాల పేర్లు ఉంటాయి, ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూడాలి. అయితే ఆ కాగితాలు వంశం చెప్తాయి గానీ ఆరోగ్యం చెప్పవు. కాగితాలు ఉన్నాయి కాబట్టి పరీక్షలు అక్కర్లేదనడం తప్పు. కాగితాలే లేకపోతే చుట్టరికం తేల్చే దారి లేదు కాబట్టి, అలాంటి జతతో పిల్లలు పెట్టించొద్దనే అంటాను.

బయటి మగకుక్కతో కలపాలనుకుంటే ఇంకో రెండు జాగ్రత్తలు. బ్రూసెల్లా పరీక్ష రెండిటికీ చేయించండి. ఈ బ్యాక్టీరియా కలయిక ద్వారా అంటుకుని గర్భాలు పోగొడుతుంది, మనుషులకీ సోకుతుంది. రెండోది మన వీధికుక్కల్లో బాగా కనిపించే అంటుకునే కణితి. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి రక్తం కారుతుంది. కీమో ఇంజెక్షన్లతో సాధారణంగా నయమవుతుంది కానీ వారాల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరగాలి.

జాతి గురించి ఒక మాట. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని ఇంట్లో ఈనించాలని అనుకోకండి. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు. చాలావాటికి సిజేరియన్ తప్పదు. మన ఎండల్లో మామూలు రోజుల్లోనే వాటికి ఊపిరి కష్టం, ఇక నిండు చూలుతో మే నెలలో దాని అవస్థ చూడలేం.

ఆ రాత్రి

కుక్క దాదాపు 63 రోజులు మోస్తుంది. 25 రోజులు దాటాక స్కానింగ్‌లో తెలుస్తుంది, 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీస్తే ఎన్ని పిల్లలో లెక్క తెలుస్తుంది. ఆ లెక్క చాలా ముఖ్యం. లేకపోతే అన్నీ వచ్చేశాయో, ఒకటి లోపలే ఉండిపోయిందో ఎలా తెలుస్తుంది? మాకు ఏడు అని చెప్పారు.

ఈనే ముందురోజు ఒంటి వేడి 99 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పడిపోతుంది. కాబట్టి చివరి వారం పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి. స్వీటీకి నొప్పులు రాత్రి పదింటికి మొదలయ్యాయి. రెండు పిల్లలు తేలిగ్గానే వచ్చాయి. మూడోది రాలేదు. అది గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల రాకపోతే, ఇంకా పిల్లలుండగా రెండు గంటలు దాటినా తర్వాతది రాకపోతే, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఇది మాకు ఫోన్‌లో చెప్పిన డాక్టరే రాత్రి రెండింటికి క్లినిక్ తెరిచి మూడోదాన్ని బయటికి తీశారు. ఆరోది ఊపిరి లేకుండా పుట్టింది. నా చేతిలో పెట్టి టవల్‌తో రుద్దమన్నారు. తడి గుడ్డలా, బరువే లేనట్టు ఉంది. తల కిందికి వంచి ముక్కులో జిగురు తుడిచి రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఒక చిన్న కీచు వినిపించాక అప్పుడు ఏడుపొచ్చింది.

వంటింటి తూకం మీద అన్నిటినీ తూచాం. పెద్దది 410 గ్రాములు, ఆరోది 260. గుర్తు కోసం మెడలకి రంగురంగుల ఊలు దారాలు వదులుగా కట్టాం, ఆరోదానికి ఆకుపచ్చ. మూడో రోజు పసుపు దారం పిల్ల బరువు పెరగాల్సింది పోయి తగ్గింది. సాయంత్రానికి పాలు తాగడం మానేసింది, తెల్లారేసరికి పోయింది. రోజూ తూచకపోయుంటే ఆ మార్పు మాకు తెలిసేదే కాదు. తెలిసినా కాపాడలేకపోయాం.

ఆ తర్వాత ఎనిమిది వారాలు ఇల్లు మన చేతుల్లో ఉండదు. మొదటి రెండు వారాలు పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు, పెట్టెలో ఒక మూల బల్బు వేసి వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంచాలి. మొదటి రోజే ముర్రుపాలు తాగాలి. తల్లికి మూడో వారం నాటికి మామూలుకంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. ఇక్కడ పెద్దవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: కడుపుతో ఉందని కాల్షియం టానిక్ పట్టిస్తారు. చూలుతో ఉన్నప్పుడు అదనంగా కాల్షియం ఇస్తే, పాలిచ్చే రోజుల్లో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. తల్లి వణుకుతూ, ఎగశ్వాసతో, కాళ్ళు బిగుసుకుపోతుంటే వెంటనే పరిగెత్తాలి. పిల్లలకి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి నులిపురుగుల మందు. ఆరు పిల్లలకి లెక్క వేసుకోండి, 24 డోసులు. పైన ఒక్కోదానికి మొదటి టీకా. మూడో వారం నుంచి మనుషుల చేతుల్లో, మిక్సీ చప్పుడు, కాలింగ్ బెల్ చప్పుడు మధ్య పెరగాలి, లేకపోతే జీవితాంతం బెదురుతూ ఉంటాయి. ఇంట్లో ఒక మనిషి రెండు నెలలు వేరే పని పెట్టుకోకూడదు. నేను సెలవు పెట్టాను.

పిల్లలు ఎవరి ఇంటికి వెళ్తాయి?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. స్వీటీ కడుపుతో ఉందని తెలిసినప్పుడు పదకొండుమంది "నాకొకటి" అన్నారు. యాభై రోజులు నిండాక ఫోన్లు చేస్తే ఒకరి అత్తగారికి ఇష్టం లేదు, ఒకరికి ట్రాన్స్‌ఫర్, ఒకరికి మగదే కావాలి. ముగ్గురు వచ్చారు. మిగతా మూడింటికి తెలిసినవాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళని పట్టుకున్నాం.

ఒకటి ఐదు నెలలకి తిరిగొచ్చింది, ఇంటి ఓనర్ ఒప్పుకోలేదట. ఒకదాన్ని చూడ్డానికి ఒక మే నెల మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్తే, డాబా మీద వాటర్ ట్యాంక్ నీడలో రెండడుగుల గొలుసుతో కట్టేసి ఉంది. గిన్నెలో నీళ్ళు వేడెక్కి ఉన్నాయి. బతిమాలి తెచ్చేసుకున్నాం. ఇంకొకదాన్ని తీసుకున్నవాళ్ళు మాకు చెప్పకుండా ఎవరికో ఇచ్చేశారు. అది ఎక్కడుందో ఈరోజుకీ తెలియదు. దాని దారం ఎరుపు.

అందుకే నేను అడిగే కొలత ఒక్కటే. పుట్టిన ప్రతి పిల్లా, ఏ వయసులో అయినా, తిరిగి మీ గుమ్మం ముందుకొస్తే మీరు తీసుకోగలరా? తీసుకోగలిగితే, పైన చెప్పిన పరీక్షలన్నీ చేయించగలిగితే, పిల్లలు పెట్టించే దారి మీకుంది. ఇచ్చేటప్పుడు "పెంచలేకపోతే మీకే తిరిగిస్తాం" అని కాగితం మీద రాయించుకోండి, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ మీ నంబరుతో కూడా నమోదు చేయించండి.

"ఒక్కసారైనా తల్లి కాకపోతే ఆడకుక్క ఆరోగ్యం బాగుండదు" అనే మాట చాలా ఇళ్ళల్లో వింటాను. దానికి వైద్యంలో ఏ ఆధారమూ లేదు. కుక్కకి తల్లి కాలేదన్న దిగులు ఉండదు. "వీడి గుర్తు ఉంటుంది" అనేది మాత్రం నాకు బాగా అర్థమయ్యే కోరిక. సింబా పోయిన ఏడాది పోయాడు. వాడి బిడ్డ మా ఇంట్లోనే ఉంది. దాన్ని ప్రాణంగా చూసుకుంటాను, కానీ అది సింబా కాదు. వాడి ఓపిక దానికి రాలేదు, పిడుగు పడితే మంచం కింద దూరుతుంది, వాడు కిటికీ దగ్గర కూర్చుని చూసేవాడు.

ఆపరేషన్ దారి

ఎక్కువ ఇళ్ళకి నేను చెప్పేది ఇదే. ఇందులో తేల్చుకోవాల్సింది వయసు ఒక్కటే. చిన్న జాతులకి, దేశీ పిల్లలకి ఆరు నెలల దగ్గర, మొదటి హీట్ రాకముందే చేయించడం తేలిక. మొదటి హీట్ ముందు చేయిస్తే తర్వాత రొమ్ము కణుతులు వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 1969 నాటి అమెరికా అధ్యయనం నుంచి చెప్తూ వస్తున్నారు. పెద్ద జాతులకి ఇంకో లెక్క కూడా ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు 2013 నుంచి చేసిన అధ్యయనాల్లో, గోల్డెన్, లాబ్రడార్ లాంటి వాటికి ఏడాది లోపే ఆపరేషన్ చేస్తే కీళ్ళ సమస్యలు పెరిగినట్టు తేలింది. ఎముకలు ఎదగడం పూర్తయ్యేదాకా హార్మోన్లు కావాలి మరి. కాబట్టి లాబ్రడార్ ఆడపిల్లకైతే ఒక హీట్ కానిచ్చి, అది అయిన రెండు మూడు నెలలకి, ఏడాది దాటాక చేయించడం నాకు నచ్చిన పద్ధతి. ఆ ఒక్క హీట్‌లో కాపలా గట్టిగా ఉండాలి. ఉండలేమనుకుంటే కాస్త ముందే చేయించేయండి, పది నెలల పిల్ల చూలు కట్టడం కంటే అది నయం. మీ డాక్టర్‌తో మీ ఇంటి పరిస్థితి కూడా చెప్పి నిర్ణయించుకోండి.

దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. ఒళ్ళు వస్తుంది, తిండి కొలత నాలుగో వంతు తగ్గించాలి. కొన్ని పెద్ద ఆడకుక్కలకి వయసు పైబడ్డాక నిద్రలో మూత్రం కారుతుంది, మందులతో తగ్గుతుంది. కుట్లు నాకకుండా పదిరోజులు మెడకి కోన్ పెట్టాలి. స్వీటీకి పిల్లలు పాలు మానేశాక చేయించాం. స్వభావంలో రవ్వంత తేడా రాలేదు.

మగకుక్కకి చేయించడం ఇంకా చిన్న ఆపరేషన్. కానీ చేయించిన మర్నాటి నుంచే నిశ్చింత అనుకోవద్దు, ఒక నెల దాకా గర్భం నిలిపే శక్తి మిగిలి ఉండొచ్చు. ఇంకో మాట, ఇంట్లో కుక్కకి చేయించినంత మాత్రాన వీధిలోవి ఆగవు. హీట్‌లో ఉన్న ఆడకుక్క కోసం అవి కాంపౌండ్ గోడ దూకి వస్తాయి. అందుకే నా ఓటు ముందు ఆడదానికి.

దేశీ పిల్ల, జోనంగి

రాకీకి కావాల్సింది నిజంగా తోడే అయితే, వీధిలో పుట్టిన ఆడపిల్లని తెచ్చుకోవడం అన్నిటికంటే మంచి దారి. ఆడపిల్లల్ని అడిగేవాళ్ళు తక్కువ, చాలావరకు వీధిలోనే మిగిలిపోతాయి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు దత్తతలు ఇస్తాయి. దేశీ కుక్కలు మన ఎండకి తట్టుకుంటాయి, పొట్టి వెంట్రుకలు, పెద్దగా వంశపు జబ్బులు ఉండవు. ఆరు నెలలకి ఆపరేషన్ చేయించేస్తే పిల్లల ప్రశ్నే రాదు. తెచ్చిన రోజునుంచి ఒక రెండు వారాలు వేరుగా ఉంచి, నులిపురుగుల మందు, టీకాలు మొదలయ్యాకే పాతదానితో కలపండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఎక్కడ దాగుందో తెలియదు.

పిల్లలు పెట్టించాలన్న పట్టుదల నిజంగా ఉన్నవాళ్ళకి ఒక్క చోట మాత్రం నేను రండి అంటాను. కొల్లేరు చుట్టుపక్కల బాతులు కాసేవాళ్ళ వెంట తిరిగే జోనంగి మన కోస్తా ఆంధ్ర సొంత జాతి. పొట్టి వెంట్రుకల నున్నటి ఒళ్ళు, ముడతల నుదురు, మొరగడం కంటే ఊళలాంటి కూత. ఇప్పుడు బాగా అరుదైపోయింది. లాబ్రడార్‌లకి కొదవ లేదు. జోనంగికి మంచి జతలు వెతికి, చుట్టరికాలు రాసిపెట్టుకుని, ఊళ్ళల్లో వాటిని పెంచుతున్న కుటుంబాలతో కలిసి పనిచేసేవాళ్ళు కావాలి. ఓపికా స్థలమూ ఉన్నవాళ్ళు ఆ పని చేస్తే చాలా సంతోషిస్తాను.

ఏ దారైనా, పిల్లని ఎంచుకునేటప్పుడు తల్లిని చూడకుండా తేవద్దు. తల్లి మిమ్మల్ని చూసి వణుకుతుంటే, ఎముకల గూడులా ఉంటే, లేదా "తల్లి ఇక్కడ లేదండీ" అంటే అక్కడినుంచి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండనిది తీసుకోవద్దు. ఇంట్లో మొదటి కుక్కకి ఏడాదిన్నర నిండి, పిలిస్తే వచ్చేంత అలవాటు అయ్యాకే రెండోది. ఒకే ఈతలోని ఇద్దరు అక్కచెల్లెళ్ళని ఒకేసారి తేవడం వద్దేవద్దు, రెండు ఆడకుక్కలు పెద్దయ్యాక పడకపోతే ఆ గొడవ ఆపడం చాలా కష్టం.

ఇదంతా విని ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. రెండు పనులు చెప్పి పంపాను. రాకీకి తుంటి ఎక్స్‌రే తీయించు, ఆ పదిమందికీ ఫోన్ చేసి "పెంచలేకపోతే తిరిగిస్తాం అని రాసిస్తారా" అని అడుగు. బుధవారం సాయంత్రం చీకటి పడ్డాక వచ్చాడు. చేతిలో మడతపెట్టిన నోట్‌బుక్ కాగితం. పది పేర్లలో ఎనిమిది కొట్టేసి ఉన్నాయి. "ఎక్స్‌రేకి శనివారం రమ్మన్నారక్కా" అన్నాడు. ఇంకాసేపు స్వీటీ చెవులు నిమురుతూ కూర్చుని, వాళ్ళ ఆఫీసు వెనక పార్కింగ్‌లో ఒక కుక్క ఈనిందని, అందులో గోధుమ రంగు ఆడపిల్ల ఒకటి రోజూ తన బైక్ దగ్గరే పడుకుంటోందని చెప్పాడు. దానికి ఎన్ని వారాలు ఉంటాయని అడిగాను. కళ్ళు తెరిచి చాలారోజులైందట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. పాలపళ్ళు కనిపిస్తున్నాయి, చెవులింకా నిలబడలేదు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమని, ఈలోపు తల్లికి రోజూ ఒక పూట తిండి పెట్టమని, ఆ తల్లికి కూడా ఆపరేషన్ చేయించేలా మున్సిపాలిటీ వాళ్ళకి ఫోన్ చేయమని చెప్పాను.